ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్: డీవీడీ, బ్లూరే, 4కె... బావ సూట్‌కేసులో ఒక్కటే పడుతుంది, ఏది తెప్పించుకోను?

గోలీసోడా (గుంటూరు)

అందరికీ నమస్తే. చాలా రోజులకి ఇటు వచ్చాను.

చైనా దర్శకుడు చెన్ కైగే 1993లో, పీకింగ్ ఒపేరా అనే సంప్రదాయ సంగీత నాటకంలో ఆడే ఇద్దరు నటుల మీద తీసిన ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్ నా దగ్గర రెండు రకాలుగా ఉంది. ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్న యూరప్ డీవీడీ. రెండోది 2016లో బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు లండన్ నుంచి వేసిన బ్లూరే. 2024లో అమెరికా డిస్క్ కంపెనీ క్రైటీరియన్ వాళ్లు 4కె డిస్క్ తెచ్చారు కదా, అది ఇంకా కొనలేదు. సంక్రాంతికి బావ న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. అక్క గోంగూర, ఆవకాయ తెప్పించుకునే లిస్టు ఎలాగూ పంపింది. వచ్చేటప్పుడు ఖాళీ సూట్‌కేసే కాబట్టి ఒక డిస్క్ తెస్తానన్నాడు. ఒక్కటే. లిస్టు ధర 49.95 డాలర్లు.

బ్లూరే ఉన్నాక మళ్లీ కొనడం దండగా? రెండూ చూసినవాళ్లు ఉంటే చెప్పండి. స్క్రీన్‌షాట్లు కాదు, చూస్తుంటే తేడా తెలుస్తుందా అన్నదే నాకు కావాలి.

---

కోటి_సందుల్లో (హైదరాబాద్)

తమ్ముడూ, నువ్వు అదృష్టవంతుడివి. మేం ఈ సినిమా మొదటిసారి చూసింది వీసీడీలో. ఒక్కో డిస్కుకి డెబ్బై నిమిషాల చిల్లర పట్టేది, అందుకని మూడు డిస్కులు. సాంస్కృతిక విప్లవం మొదలయ్యే టైముకి లేచి మూడో డిస్క్ మార్చాలి. బొమ్మ సైజు 352×288. ఇప్పుడు ఫోన్లో వచ్చే పెళ్లిపత్రిక వీడియో అంతకంటే నయం.

సబ్‌టైటిల్స్ బొమ్మలోనే అచ్చయిపోయి ఉండేవి, పైన చైనీస్, కింద ఇంగ్లీషు, రెండూ తెల్లటి అక్షరాలే. తెల్ల రంగు పూసుకున్న ముఖం క్లోజప్‌లోకి వచ్చిందంటే సగం డైలాగు గోవింద. మిగతా సగం మేం ఊహించుకునేవాళ్లం. ఇద్దరు నటుల్లో ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో మా రూమ్మేటుకి రెండోసారి చూసేదాకా అర్థం కాలేదు.

అయినా ఏడ్చాం.

---

మిసిసాగా_మూర్తి (కెనడా)

నా దగ్గర బీఎఫ్ఐ, క్రైటీరియన్ రెండూ ఉన్నాయి. పోలిక తర్వాత. ముందు నిడివి సంగతి తేల్చుకోండి, ఈ సినిమాకి అసలు పేచీ అక్కడే మొదలైంది.

1993 కాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ పామ్ దీనికీ, జేన్ క్యాంపియన్ తీసిన ది పియానోకీ కలిపి ఇచ్చారు. చైనీస్ భాషా చిత్రానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. అక్కడ చూపించింది 171 నిమిషాల సినిమా. అమెరికా హక్కులు కొన్న మిరామాక్స్ 14 నిమిషాలు కత్తిరించి 157 నిమిషాలకి కుదించి హాళ్లలో వేసింది. ఆ ఏడు కాన్స్ జ్యూరీ అధ్యక్షుడు ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్. మేం మెచ్చిన సినిమా ఇది కాదు, నిడివి తగ్గించాక తలాతోకా లేక ఇంకా సాగినట్టుందని ఆయన బాహాటంగానే విసుక్కున్నాడు. బహుమతి ఇచ్చిన పెద్దమనిషే అంత మాట అన్నాడు.

చైనాలో ఇంకో కథ. 1993లో విడుదల చేసి, ఆపేసి, మళ్లీ కోతలు పెట్టి వదిలారు. బీజింగ్ అప్పుడు 2000 ఒలింపిక్స్ కోసం పోటీలో ఉంది, నిషేధిస్తే పరువు పోతుందని మెత్తబడ్డారని అంటారు. ఒలింపిక్స్ సిడ్నీకి వెళ్లిపోయాయి, అది వేరే విషయం.

1999 నాటి అమెరికా డీవీడీలో 171 నిమిషాలూ తిరిగొచ్చాయి. బీఎఫ్ఐ పూర్తిదే, క్రైటీరియన్ పూర్తిదే. కాబట్టి గోలీసోడా గారూ, మీ యూరప్ డీవీడీ నిడివి ఒకసారి చూడండి.

---

గోలీసోడా

ఇప్పుడే చూశాను. 164 నిమిషాలు!! అంటే ఏడు నిమిషాలు ఎగిరిపోయాయా? ఇన్నేళ్లూ నేను కోత సినిమా చూశానా? 157 కాదు, 171 కాదు, మధ్యలో ఈ 164 ఎక్కడిది?

టెన్షన్ పెట్టారు మూర్తి గారూ.

---

హెచ్‌డీ_హనుమంతు (విశాఖ)

టెన్షన్ వద్దు. ఒక్క ఫ్రేము కూడా పోలేదు.

సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేముల చొప్పున. యూరప్ పాల్ టీవీ పద్ధతి సెకనుకి 25 ఫ్రేములు. వాళ్లు తేలిక దారి పట్టారు: 24 ఫ్రేముల సినిమాని 25 లెక్కన తిప్పేయడమే. 171ని 24తో గుణించి 25తో భాగించండి. 164 చిల్లర వస్తుంది. మీ ఏడు నిమిషాలు అక్కడున్నాయి.

సినిమా మొత్తం నాలుగు శాతం వేగంగా నడిచింది, అంతే. బొమ్మలో ఎవరికీ తెలియదు. అమెరికా, జపాన్ డీవీడీల లెక్క వేరు. అక్కడ ఫ్రేముల్ని రిపీట్ చేసి సర్దుతారు, నిడివి మారదు. బ్లూరే అసలు 24 ఫ్రేముల్లోనే నడుస్తుంది కాబట్టి ఆ గొడవే లేదు.

కానీ వేగంతో పాటు ధ్వని కూడా పైకి లేస్తుంది. దాన్ని విడిగా సరిచేయకపోతే గొంతులన్నీ కాస్త సన్నబడతాయి. మామూలు సినిమాకైతే పట్టించుకోనక్కర్లేదు.

---

శ్రుతిపెట్టె (తెనాలి)

ఇది మామూలు సినిమా కాదుగా హనుమంతు గారూ. సగం సినిమా పాటే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామయ్య నలభై ఏళ్లు పద్య నాటకాలకి హార్మోనియం వాయించారు. ఒకసారి పండక్కి వచ్చినప్పుడు ఈ సినిమా పెట్టాను. నా దగ్గరుందీ యూరప్ డీవీడీయే. సబ్‌టైటిల్స్ చదవలేనన్నారు, పర్లేదు వింటానన్నారు. పీకింగ్ ఒపేరాలో పాటకి పక్కన జింగ్‌హూ అని రెండు తీగెల చిన్న వాద్యం ఉంటుంది, వెదురు బుర్రకి పాము చర్మం కప్పి చేస్తారు. కీచుమని మొదలై తిన్నగా గుండెల్లోకి దిగుతుంది. ఆయనకి అది తెగ నచ్చింది. పెట్టె తెప్పించుకుని ఒళ్లో పెట్టుకుని శ్రుతి వెతకడం మొదలుపెట్టారు.

దొరకలేదు. ఈ మెట్టు నొక్కితే తక్కువ, పక్క మెట్టు నొక్కితే ఎక్కువ. చైనా వాళ్ల శ్రుతులు వేరేమో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇది వాళ్ల శ్రుతి కాదురా, రికార్డు స్పీడు పెంచి తిప్పుతున్నారు" అన్నారు. గ్రామఫోను రోజుల్లో ప్లేటు ఒక పక్కకి పూర్తయ్యేలా స్పీడు సర్దేవాళ్లట, ఆ చెవి ఆయనది.

నాకు నమ్మకం కుదర్లేదు. తర్వాత స్నేహితుడి బ్లూరే తెచ్చి అదే పాట పెట్టాను. ఆయన రెండు నిమిషాలు విని ఒక మెట్టు మీద వేలు పెట్టి ఉంచేశారు. చక్కగా కూర్చుంది. డీవీడీలో అదే స్వరం ముప్పాతిక మెట్టు పైన ఉంది.

25ని 24తో భాగించి సంగీతం లెక్కలోకి మార్చి చూసుకోండి. ఒక మెట్టు వంద అనుకుంటే దాదాపు 71 వస్తుంది. ముప్పాతికకి ఒక పిసరు తక్కువ. ఆయన లెక్కలు వేయలేదు, వేలుతో చెప్పారు.

అందుకని నా ఓటు: 4కె కొన్నా కొనకపోయినా, ఆ డీవీడీలో మాత్రం చూడకండి.

---

కోటి_సందుల్లో

మామయ్య గారికి పాదాభివందనం.

---

హెచ్‌డీ_హనుమంతు

ఒప్పుకుంటున్నాను. నేను "పట్టించుకోనక్కర్లేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క జాగ్రత్త: కొన్ని పాల్ డీవీడీల్లో ధ్వనిని తిరిగి కిందికి దించి వేస్తారు. అప్పుడు శ్రుతి సరిగానే ఉంటుంది, తాళం మాత్రం పరుగెడుతుంది. ఏ డిస్కుకి ఆ డిస్కు చూసుకోవాల్సిందే.

---

మాటలమూట (హైదరాబాద్)

శ్రుతి సంగతి తేలింది కాబట్టి మాటల సంగతి ఎత్తుతాను. ఇఫ్లూ యూనివర్సిటీలో రెండేళ్లు చైనీస్ నేర్చుకున్నాను. పండితురాలిని కాదు, కానీ ఈ సినిమా నాలుగైదు రకాల సబ్‌టైటిల్స్‌తో చూశాను.

ఆడవేషాలు వేసే నటుడు డియెయీ తన అన్నలాంటి తోటి నటుడు షియావ్‌లోవ్‌తో అనే మాట ఒకటుంది: జీవితాంతం అన్నామంటే జీవితాంతమే, ఒక ఏడాది తగ్గినా, ఒక నెల తగ్గినా, ఒక రోజు తగ్గినా అది జీవితాంతం కాదు అని. రోజు తర్వాత వచ్చే చివరి మాట చైనీస్‌లో "షిచెన్". పాత చైనా కాలమానంలో రోజుకి పన్నెండు షిచెన్‌లు, అంటే ఒక్కోటి రెండు గంటలు. బాగా తిరిగే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో దాన్ని "సెకను" చేశారు. ఇంగ్లీషులో అంతకంటే చేయగలిగింది లేదు, రెండు గంటలు అంటే రైల్వే టైంటేబుల్లా ఉంటుంది. కానీ సెకను అనగానే ఆ మనిషి చేతికి వాచీ వచ్చేస్తుంది. అతను నాటకం లోపల బతికేవాడు, అతని కాలం గడియారం కాలం కాదు.

తెలుగులో ఈ చిక్కే లేదు. "ఒక్క ఏడాది, ఒక్క నెల, ఒక్క రోజు, ఒక్క ఘడియ తక్కువైనా." ఘడియ అంటే 24 నిమిషాలు, షిచెన్ కాదు, ఒప్పుకుంటాను. జాము అంటే మూడు గంటలు, అదీ కాదు. కానీ ఘడియలో ఆ పాతకాలపు వాసన ఉంది, పలికితే పద్యంలా ఆగుతుంది.

ఇంకోటి. పిల్లాడిగా ఉన్నప్పుడు గురువు నేర్పే పాఠంలో "నేను స్వతహాగా ఆడపిల్లని, మగపిల్లాణ్ని కాను" అనాలి. వాడు ప్రతిసారీ తిరగేసి "మగపిల్లాణ్ని, ఆడపిల్లని కాను" అంటాడు. వాడి దృష్టిలో అది తప్పు కాదు, నిజం. చివరికి వాడి స్నేహితుడే పొగతాగే పైపు తీసి నోట్లో కుక్కి రక్తం వచ్చేలా తిప్పాక సరిగ్గా అంటాడు. ఆ వరస ఎన్నిసార్లు తప్పాడు, ఎక్కడ సరిగ్గా అన్నాడు అన్నది సబ్‌టైటిల్ రాసేవాళ్లు జాగ్రత్తగా ఉంచకపోతే సినిమా మొత్తం కూలిపోతుంది. వీసీడీ వాళ్లకి అందుకే అర్థం కాలేదు కోటి అన్నా.

---

కోటి_సందుల్లో

ఇరవై ఏళ్ల తర్వాత రూమ్మేటుకి ఫోన్ చేసి చెప్పాలి ఇప్పుడు.

మాటలమూట గారూ, పేరు సంగతి కూడా చెప్పండి. కాంక్యుబైన్‌ని ఓ పత్రికలో "ఉంపుడుగత్తె" అని రాశారు. చదివి ఒళ్లు మండింది.

---

మాటలమూట

చైనీస్ పేరు "బావాంగ్ బియె జీ". బావాంగ్ అంటే చూ రాజ్యపు షియాంగ్ యూ, జీ అంటే అతని ప్రియసఖి యూ. శత్రువులు చుట్టుముట్టిన రాత్రి ఆమె చివరిసారి కత్తి నాట్యం చేసి కత్తితోనే ప్రాణం తీసుకుంటుంది. అదే పేరున్న ఒపేరాని మేయ్ లాన్‌ఫాంగ్ 1922లో ఆడాడు. ఆయన మగవాడు, యూ వేషం ఆయనదే. ఉంపుడుగత్తె ఎలా అవుతుంది? "దేవేరి" అనొచ్చు, "రాణి" అనొచ్చు. సత్యభామ వేషంలో స్థానం నరసింహారావు గారిని తలుచుకుంటే మనవాళ్లకి సగం సినిమా అర్థమైపోతుంది. చీర కట్టు, జడ, ఆ నడక చూసి ఆడవాళ్లే నేర్చుకునేవారని చెప్పుకునేవాళ్లు కదా. డియెయీ వేషం కూడా అలాంటిదే, కాకపోతే అతను ఇంటికొచ్చాక విప్పలేకపోయాడు.

---

బెజవాడ_బాబు

తెలుగు సబ్‌టైటిల్ ఫైలు ఎవరైనా చేశారా? సినిమా లింకు కూడా ఉంటే మెసేజ్ చేయండి ప్లీజ్

---

మోడరేటర్

సినిమా లింకులు అడగొద్దు, ఇవ్వొద్దు. ఇది మూడోసారి చెప్పడం బాబు గారూ. అలాగే ముగింపు ఎవరూ రాయకండి, ఇంకా చూడనివాళ్లు ఉన్నారు.

---

మిసిసాగా_మూర్తి

సరే, ఇప్పుడు బొమ్మ. వారాంతం రెండు డిస్కులూ మార్చి మార్చి చూశాను. ఇవి నా కళ్ల మాటలు, కొలతలు కావు.

మొదట్లో 1924 నాటి సంత దృశ్యం ఉంది కదా, రంగులన్నీ పిండేసిన మట్టి వన్నెలో. అక్కడ 4కెకి, బ్లూరేకి పెద్ద తేడా పడదు. గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి చుక్కలు) మాత్రం 4కెలో ఇసుక రేణువుల్లా విడివిడిగా ఉంది. తేడా తెలిసేది మేకప్ గదిలో. ఒపేరా వేషానికి నుదుటి చుట్టూ ఒక పట్టీ బిగించి కట్టి కళ్లు, కనుబొమలు పైకి లాగుతారు. 4కెలో ఆ పట్టీ బిగిసిన చోట చర్మం ముడత పడటం, తెల్ల రంగు ఆ ముడతలోకి దిగడం కనిపించాయి. డియెయీగా వేసిన లెస్లీ చియుంగ్ అద్దంలోకి చూసుకుంటుంటే ఆ నొప్పి నాకు మొదటిసారి తెలిసింది. ఇన్నిసార్లు చూసినా అది అలంకారం అనుకున్నాను తప్ప నొప్పి అనుకోలేదు.

ఎరుపుల దగ్గర నేను తటపటాయిస్తున్నాను. కొత్త డిస్కులో ఎరుపు లోతుగా ఉంది, కానీ నీడలు కొంచెం ఎక్కువ నల్లబడ్డాయేమో అనిపించింది.

---

హెచ్‌డీ_హనుమంతు

మూర్తి గారూ, మీ టీవీ ఏ మోడ్‌లో ఉంది? నిజం చెప్పండి.

---

మిసిసాగా_మూర్తి

వివిడ్, రంగులు దట్టించేది. మా ఆవిడ క్రికెట్ కోసం పెట్టింది.

---

హెచ్‌డీ_హనుమంతు

అనుకున్నాను. ఫిల్మ్‌మేకర్ మోడో, సినిమా మోడో పెట్టి మళ్లీ చూడండి. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఉంటే దాన్ని కూడా చంపేయండి, లేకపోతే 49 డాలర్ల డిస్క్ సాయంత్రం ఏడింటి సీరియల్లా కనిపిస్తుంది.

ఇంకోమాట. ఈ సినిమాలో "షార్ప్‌గా లేదు" అని తిట్టేవాళ్లు నెట్‌లో కోకొల్లలు. కెమెరా గూ చాంగ్‌వేయ్‌ది, దీనికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆయన సగం షాట్లు దేని వెనకనుంచో తీశాడు. దోమతెర, పొగ, పొద్దుటి మంచు. సాంస్కృతిక విప్లవంలో అందరిముందూ నిలబెట్టి ఒకరిమీద ఒకరిచేత చెప్పించే దృశ్యం మంట వెనకనుంచి తీశాడు, ముఖాలు వేడికి కరిగి వణుకుతుంటాయి. ఆ మసక కావాలని పెట్టింది. దాన్ని ఏ రిస్టోరేషన్ పదునెక్కించినా నేరమే. మంచి డిస్క్ అంటే దోమతెర దారాలు విడిగా కనిపించాలి, వెనకున్న మనిషి మసగ్గానే ఉండాలి. డీవీడీలో రెండూ కలిసి ముద్దయిపోయేవి.

---

మిసిసాగా_మూర్తి

మోడ్ మార్చాను. నల్లబడటం పోయింది. ఎరుపు మీద నా అభ్యంతరం రద్దు. అరగంట శాంతంగా చూశాక మా ఆవిడ వచ్చి టీవీ పాడైందా, పచ్చగా ఉందేంటి అంది.

---

చిత్రాంగి

చిన్న సందేహం. లెస్లీ హాంకాంగ్ మనిషి, ఇంట్లో మాట్లాడేది కాంటనీస్. బీజింగ్ మాండరిన్ అంత శుద్ధంగా ఎలా పలికాడు? అసలు గొంతు ఉన్న ఆడియో ట్రాక్ ఏ ఎడిషన్లో అయినా ఉందా?

---

మాటలమూట

ఆయన నెలల తరబడి బీజింగ్‌లో ఉండి భాషా, ఒపేరా కదలికలూ నేర్చుకున్న మాట నిజం. కానీ సినిమాలో వినిపించేది చాలాభాగం యాంగ్ లిషిన్ అనే బీజింగ్ రంగస్థల నటుడి గొంతు. ఒపేరా పాటలు ఇంకొకరివి. అంటే తెరమీద ఒక్క డియెయీ, వెనక ముగ్గురు. మనకి ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది చెప్పండి, మన హీరోయిన్లలో సొంత గొంతు ఎందరిది? డిస్క్ ఏదైనా గొంతు ఇదే.

---

హెచ్‌డీ_హనుమంతు

గోలీసోడా, అసలు చెప్పాల్సింది ఇంకా ఎవరూ చెప్పలేదు. నీ ప్లేయర్ ఏ రీజియన్? ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్లోనే ఆడేలా తాళం వేస్తారు, అదే రీజియన్.

బ్లూరే లెక్కలో అమెరికా, జపాన్, హాంకాంగ్ "ఏ". బ్రిటన్, యూరప్ "బీ". మనం, చైనా, రష్యా "సీ". అంటే అమెరికాలో వేసిన డిస్క్, ఇండియాలో కొన్న ప్లేయర్: కాగితం మీద ఒకదానికొకటి సరిపోవు. చైనాకీ మనకీ మాత్రం ఒకే రీజియన్.

4కె డిస్కులకి రీజియన్ లాక్ లేదు, ఎక్కడైనా ఆడతాయి. అయితే ఆ ప్యాక్‌లో రెండు డిస్కులుంటాయి. 4కె డిస్కులో సినిమా ఒక్కటే. దర్శకుడితో 1993లో చార్లీ రోజ్ చేసిన ఇంటర్వ్యూ, పండితుడు మైకేల్ బెర్రీ సంభాషణ లాంటివన్నీ రెండోదైన బ్లూరేలో ఉంటాయి. అది "ఏ" రీజియన్. నీ 4కె ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడేది కాకపోతే సినిమా చూస్తావు, ముచ్చట్లు చూడలేవు.

---

గోలీసోడా

నాది ఒక షాపువాడు "అన్నీ ఆడతాయి సార్" అని అంటగట్టిన ప్లేయర్. బీఎఫ్ఐ డిస్క్ ఆడింది కాబట్టి "బీ" వరకు నిజమే చెప్పాడు. "ఏ" సంగతి తెలియదు. బావకి చెప్పేశాను, 4కెయే.

---

శ్రుతిపెట్టె

మంచి పని. వచ్చాక రాయండి.

---

గోలీసోడా (ఐదు వారాల తర్వాత)

పండగ అయిపోయింది, బావ వెళ్లిపోయాడు, ఇప్పుడు తీరిక దొరికింది.

4కె డిస్క్ ఆడింది. రెండో డిస్క్ పెడితే నీలం తెర మీద రీజియన్ సరిపోదని నాలుగు భాషల్లో వచ్చింది. షాపువాడి ఫోన్ నంబరు స్విచాఫ్.

అమ్మ పక్కన కూర్చుంటే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్తూ చూపించాను. మొదట్లో ఆ తల్లి కొడుకు ఆరో వేలుని తీసుకెళ్లి కత్తి కింద పెట్టేచోట లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. పది నిమిషాలకి కాఫీ పట్టుకొచ్చి కూర్చుంది, చివరిదాకా కదల్లేదు. మాటలమూట గారూ, ఆ డైలాగు దగ్గర మీ "ఘడియ" వాడుకున్నాను. అమ్మ నాతోపాటు మెల్లగా మళ్లీ ఒకసారి అంది.

బ్లూరేకి, దీనికి తేడా తెలిసిందా అంటే, మూర్తి గారు చెప్పిన పట్టీ కనిపించింది. అది చాలు నాకు. గదంతా చీకటి చేసి దగ్గరగా కూర్చోకపోతే మిగతా తేడా పెద్దగా పట్టుకోలేకపోయాను. బ్లూరే ఉన్నవాళ్లు అప్పు చేసి మరీ కొనక్కర్లేదు. డీవీడీతో సరిపెట్టుకుంటున్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి చేయండి.

నా పాత డీవీడీ ఎవరికైనా కావాలా? ఊరికే ఇస్తాను, పోస్టు ఖర్చు మీది. శ్రుతిపెట్టె గారి మామయ్య మళ్లీ వేలు పెట్టి చూస్తానంటే మాత్రం ముందు ఆయనకే.

---

శ్రుతిపెట్టె

అడిగాను. "తప్పు స్పీడుది ఇంకోటి ఎందుకురా, ఇంట్లో ఒకటుందిగా" అన్నారు.